చంద్రుడికి మా కారు ఎలా తెలుసు? పిల్లల ప్రశ్న, పిల్లల కవిత

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మా పాపకి ఏడేళ్ళు, రెండో తరగతి. స్కూల్లో ప్రకృతి మీద కవిత రాసుకురమ్మంటే 'చంద్రుడికి మా కారు ఎలా తెలుసు? ఊరెళ్తే ఊరొచ్చాడు, ఇంటికొస్తే ఇంటికొచ్చాడు' అని మొదలుపెట్టి ఇంకో నాలుగు ముక్కలు రాసింది. ప్రాస లేదు, నీతి లేదు, పైగా సైన్స్ ప్రకారం తప్పు అని టీచర్ తిప్పి పంపారు. పాప డల్ అయిపోయింది. ఇంట్లో కూడా పొద్దస్తమానం ఎందుకు, ఎందుకు అని ఒకటే ప్రశ్నలు. ఇలాంటి పిల్లలకి తెలుగులో ఏం చదివి వినిపించాలి? అడిగినదానికి సైన్స్ చెప్పాలా, కథ చెప్పాలా?"

అమ్మా, మీ పాప రాసింది కవితే. అందులో సందేహం పెట్టుకోకండి. నేను చాలా ఏళ్ళు ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సెలవుల్లో పిల్లలతో కవితలు రాయిస్తుంటాను. "ఊరెళ్తే ఊరొచ్చాడు, ఇంటికొస్తే ఇంటికొచ్చాడు" లాంటి వాక్యం ఏడేళ్ళ పిల్ల కలం నుంచి వస్తే నేనైతే బోర్డు మీద రాసి క్లాసంతా చదివిస్తాను. గట్టిగా పైకి చదివి చూడండి, లయ దానంతటదే పలుకుతుంది. ఎవరూ నేర్పకుండానే వచ్చింది అది.

టీచర్ చెప్పిన మూడు అభ్యంతరాల్లో ప్రాస సంగతి చిన్నది. మన పద్యాల్లో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరానికి ఉండే నియమం. లైను చివర ఒకే చప్పుడు రావడం అంత్యప్రాస, అది వేరే. రెండో తరగతి పిల్లని ఈ రెండింటిలో దేనికీ కట్టేయక్కర్లేదు. చివరి చప్పుడు కలపాల్సిందే అని పట్టుబడితే పిల్లలు చూసింది వదిలేసి, కలిసే మాట కోసం వెతుక్కుంటారు. 'పువ్వు' అని రాయగానే 'నవ్వు' వచ్చి కూర్చుంటుంది. ఆ పువ్వు ఏ రంగుదో, ఎన్ని రేకులదో, దాని మీద ఏ పురుగు వాలిందో ఎవరికీ పట్టదు. ఇలా రాసిన పువ్వు-నవ్వు కవితలు నేను కట్టలు కట్టలు దిద్దాను. ఒక్కదాంట్లోనూ పువ్వు కనిపించదు.

నీతి సంగతి మాత్రం చిన్నది కాదు. పిల్లల కోసం మనం రాసే గేయాల్లో పెద్దవాళ్ళ తొందర ఒకటి కనిపిస్తుంది. సూర్యుడొస్తే పెందలాడే లేవాలి. చీమ కనిపిస్తే కష్టపడాలి. చెట్టు కనిపిస్తే పరోపకారం చెయ్యాలి. పిల్ల చీమని చూస్తూ "ఇవి ఎదురుపడ్డప్పుడు ఆగి ముఖాలు తాకించుకుంటాయేంటి?" అని అడుగుతుంటే మనం "చూశావా, బద్ధకం లేదు వాటికి" అంటాం. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. (చీమలు మీసాలతో ఒకదాన్నొకటి వాసన చూసుకుని మన పుట్టదా, పరాయి పుట్టదా అని పోల్చుకుంటాయి. నీతికన్నా ఈ సంగతే పిల్లలకి ఎక్కువ నచ్చుతుంది.)

పాత పాటల్లో ఈ తొందర లేదు. "చందమామ రావే జాబిల్లి రావే, కొండెక్కి రావే గోగుపూలు తేవే" అని పాడినవాళ్ళు పిల్లకి ఏ బుద్ధీ చెప్పలేదు. తల పైకెత్తించారు, అంతే. చందమామ కొండ వెనక నుంచి నిజంగానే ఎక్కి వస్తాడు. చూసిన సంగతే పాటలో ఉంది. అన్నమయ్య అంతటివాడు ఈ పాట వరస తీసుకుని "చందమామ రావో జాబిల్లి రావో" అని వేంకటేశ్వరుడికి జోడించాడు. చంద్రుడు మామ ఎలా అవుతాడు, సైన్స్ ప్రకారం తప్పు కదా అని ఆ పాటని ఎవరూ తిప్పి పంపలేదు. మీ పాప చంద్రుడు కారుతో పాటు రావడం గమనించింది. రెండూ ఒకే వరసలోవి. "వానా వానా వల్లప్ప" కూడా అంతే, చేతులు చాపి గిరగిరా తిరగడానికే ఆ పాట.

ఇక మూడో అభ్యంతరం, సైన్స్. దీనికి నాకన్నా బాగా జవాబు చెప్పినవాడు రవీంద్రనాథ్ ఠాకూర్. పిల్లల గొంతుతో రాసిన ఆయన కవితల సంపుటి 'శిశు' 1903లో బెంగాలీలో వచ్చింది. అందులో కొన్నిటిని, మరికొన్నిటిని కలిపి ఆయనే ఇంగ్లీషులోకి తెచ్చి 1913లో 'ది క్రెసెంట్ మూన్' అని వేశాడు. అందులో ఒక చిన్నపిల్లాడు, వాడి అన్న మాట్లాడుకుంటారు. సాయంత్రం పున్నమి చంద్రుడు కదంబం కొమ్మల్లో చిక్కుకున్నప్పుడు ఎవరైనా పట్టుకోలేరా అని చిన్నవాడు అడుగుతాడు. అన్న నవ్వి, నీ అంత వెర్రివాణ్ణి చూడలేదు, చంద్రుడు ఎంత దూరంలో ఉంటాడో తెలుసా అంటాడు. అమ్మ కిటికీలోంచి మనల్ని చూసి నవ్వితే దూరంగా ఉందంటావా అని వీడి ఎదురు ప్రశ్న. అంత పెద్ద వల ఎక్కడ దొరుకుతుంది, దగ్గరికొస్తే చంద్రుడు ఎంత పెద్దగా ఉంటాడో తెలుసా అని అన్న. మీ బడిలో ఏం చెబుతారో ఏమో, అమ్మ ముద్దు పెట్టుకోడానికి వంగినప్పుడు అమ్మ ముఖం అంత పెద్దగా కనిపిస్తుందా అని తమ్ముడు.

ఈ కవితని పిల్లలకి నా మాటల్లో చెప్పినప్పుడల్లా క్లాసు రెండు జట్లయిపోతుంది. లెక్క ప్రకారం అన్న చెప్పిందే నిజం. ఠాకూర్ ఎక్కడా దాన్ని అబద్ధం అనలేదు. కాకపోతే తమ్ముడు కూడా ఊహల్లో తేలిపోవట్లేదు, తను చూసినదాన్ని ముందుపెట్టి వాదిస్తున్నాడు. బెంగాలీలో కవితకి పేరు కూడా 'జ్యోతిష శాస్త్రం' అని పెట్టాడు, అంటే ఖగోళం అన్న అర్థంలో. శాస్త్రం ఎవరిది, అన్నదా తమ్ముడిదా? ఠాకూర్ చెప్పడు. మీ పాపకి మొదట చెప్పాల్సింది ఇదే. రాత్రి పడుకునేటప్పుడు చెప్పి, నువ్వు ఎవరి జట్టు అని అడగండి.

మీరు సైన్స్ చెప్పాలా, కథ చెప్పాలా అన్నారు. నేనైతే మొదట రెండూ చెప్పను, పాపతో కలిసి ఇంకోసారి చూస్తాను. ఈసారి రాత్రి కారులో వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఏది ఎంత వేగంగా వెనక్కి పోతోందో చెప్పమనండి. రోడ్డు పక్క కరెంటు స్తంభాలు సర్రుమని పోతాయి. పొలం అవతలి తాటిచెట్లు నెమ్మదిగా కదులుతాయి. దూరంగా ఉన్న కొండ దాదాపు అక్కడే ఉంటుంది. దగ్గరివి పరిగెడుతున్నాయి, దూరానివి ఆగుతున్నాయి అని పాపే అంటుంది. మీరు చెప్పక్కర్లేదు. అప్పుడు మాత్రం ఒక్క అంకె ఇవ్వండి: చంద్రుడు మనకి సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కొండే కదలనప్పుడు అంత దూరంలో ఉన్నవాడు ఎలా వెనకబడతాడు? మనం ఊరు దాటినా అతను ఉన్న దిక్కు మారినట్టు కంటికి తెలియదు. అందుకే వెంట వస్తున్నట్టు ఉంటుంది.

ఇలా చూశాక కవిత పాడైపోతుందని భయపడకండి. ఇంకా బాగుపడుతుంది. ఉదాహరణకి నేను రాసి చూపిస్తాను (పాప రాసింది కొట్టేసి ఇది పెట్టమని కాదు):

కరెంటు స్తంభాలు పరిగెత్తాయి
తాటిచెట్లు నడిచాయి
కొండ కూర్చుంది
చందమామా, నువ్వొక్కడివే మాతో వచ్చావెందుకు?

ప్రశ్న ఇంకా ప్రశ్నగానే ఉంది. జవాబు తెలిసినా ఉంది. మొదటి మూడు లైన్లలో శాస్త్రం మొత్తం ఉంది కానీ ఎవరూ దాన్ని పాఠం అనరు.

అన్న చెప్పిన 'ఎంత పెద్దగా' అన్న ముక్కకి కూడా ఒక ఆట ఉంది. పున్నమి నాడు చంద్రుడు పైకి వస్తున్నప్పుడు చాలా పెద్దగా కనిపిస్తాడు కదా. చెయ్యి పూర్తిగా చాపి, చిటికెన వేలుతో చంద్రుణ్ణి మూయమనండి. మూసుకుపోతాడు. రాత్రి నడినెత్తికి వచ్చాక మళ్ళీ అదే వేలుతో మూయమనండి. అంతే సరిపోతుంది. చంద్రుడు పెరగలేదు, తగ్గలేదు, మన మనసే పెద్దగా చూపించింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకడు దీన్ని చేసి వచ్చి "నా వేలంత చంద్రుడు" అని రాశాడు. అంతకన్నా ఒక్క మాట రాయనన్నాడు. నేనూ రాయమనలేదు.

తెలుగులో ఏం వినిపించాలి అన్నదానికి వస్తే, పుస్తకాలకన్నా ముందు పొడుపుకథలు. ప్రకృతి మీద పిల్లల కుతూహలానికి మన భాషలో ఇంతకన్నా పదునైన రూపం లేదని నా అభిప్రాయం. "రాజుగారి తోటలో రోజాపూలు, చూసేవాళ్ళే గానీ కోసేవాళ్ళు లేరు": నక్షత్రాలు. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం": తేనెపట్టు. "నీళ్ళలో పుడుతుంది, నీళ్ళలో పడితే చస్తుంది": ఉప్పు. ఈ మూడోది చూడండి, సముద్రం నీరు ఎండి ఉప్పు తేలడం, మళ్ళీ నీళ్ళలో కరిగిపోవడం రెండూ ఒకే లైనులో వచ్చేశాయి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా వినగానే "అదెలా?" అనిపిస్తుంది.

విప్పడం అలవాటయ్యాక పాపతోనే కట్టించండి. పద్ధతి తేలిక. వస్తువు పేరు చెప్పకూడదు. దాని గురించి రెండు నిజాలు చెప్పాలి, ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోవాలి. వడగళ్ళ వాన పడిన రోజున మా పిల్లలు కట్టింది ఇలా వచ్చింది: "ఆకాశం రాళ్ళు విసిరింది, ఏరి దాచుకుంటే నీళ్ళయ్యాయి." ఇలాంటిది కట్టాలంటే వస్తువుని బాగా చూడక తప్పదు. పువ్వు-నవ్వు కవితకి చూడక్కర్లేదు. నేను ప్రాస వద్దు, పొడుపు కావాలి అనేది ఇందుకే.

రెండోది ఏడు చేపల కథ. ఇది కథే కదా, కవిత ఎలా అయింది అనకండి. అమ్మమ్మలు దాన్ని చెప్పే తీరులో పాట వరస ఉంటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకెండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా గడ్డిమోపా ఎందుకడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. అలా ఆవు, పాలేరు, అమ్మ, పిల్లవాడు దాటి చీమ దగ్గరికి వస్తుంది. మధ్యలో ఎవరెవరు వస్తారన్నది ఇంటింటికీ కొంచెం మారుతుంది. చీమ మాత్రం మారదు: "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

మీ పాప పొద్దస్తమానం ఎందుకు అంటోందన్నారే, ఈ కథ నిండా అదే ఉంది. ప్రతి జవాబు కడుపులోనూ ఇంకో ప్రశ్న. ఎక్కడా ఎవరూ "ఊరుకో, విసిగించకు" అనరు. చేప దగ్గర మొదలైన ఎందుకు ఎక్కడో చీమ పుట్ట దాకా పోతుంది. ఒకదానికీ ఇంకోదానికీ ఏ సంబంధం లేదనుకున్నవి ఒకదాన్నొకటి లాక్కుంటూ పోతాయి. పర్యావరణం పాఠంలో మనం బొమ్మలు గీసి చెప్పేది ఇదే. చివర చీమ చెప్పే జవాబు మిగతావాటిలా ఇంకొకరి మీదికి నెట్టేది కాదు. నా ఇల్లు, నా కారణం అంటుంది. పిల్లలు అక్కడ ఆగి నవ్వుతారు. తర్వాత ప్రశ్న అడగరు. ఇన్నేళ్ళలో "చీమా చీమా బంగారు పుట్ట ఎందుకు కట్టావు" అని అడిగిన పిల్ల కూడా ఒకతి ఉందనుకోండి. అలాంటివాళ్ళకి దణ్ణం పెట్టి జవాబు రేపు చెబుతాననాలి.

ఈ వరస తీసుకుని ఏ ప్రకృతి విషయమైనా కట్టొచ్చు. జూన్‌లో తొలకరి వచ్చినప్పుడు ఇలా మొదలుపెట్టండి:

మబ్బా మబ్బా ఎందుకొచ్చావు?
గాలి తోసుకొచ్చింది.
గాలీ గాలీ ఎందుకు తోశావు?
నేల పిలిచింది.
నేలా నేలా ఎందుకు పిలిచావు?
ఎండ కాల్చింది.

నైరుతి రుతుపవనాలు వచ్చే తీరు నిజంగా ఇదే. ఎండకి నేల సముద్రం కన్నా ఎక్కువ కాగుతుంది, నేల మీది వేడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది తేమ గాలి వస్తుంది. దీన్ని అయిదో తరగతి పిల్లలకి పటం వేసి చెప్పడానికి నేను చాలా తంటాలు పడేవాణ్ణి. చేపల కథ వరసలో పెట్టాక పటం అవసరం పడలేదు. ఇక్కడో హెచ్చరిక. ఈ గొలుసుని పెద్దవాళ్ళు పూర్తి చేస్తే అది కచ్చితంగా "చెట్లు నరకొద్దు" దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. పిల్లలు పూర్తి చేస్తే "ఎండా ఎండా ఎందుకు కాల్చావు? నాకూ సెలవలే కదా" దగ్గర ఆగుతుంది. రెండోదే ఉంచండి.

మీరు తెలంగాణలో ఉన్నారో ఆంధ్రాలో ఉన్నారో రాయలేదు. తెలంగాణలో ఉంటే బతుకమ్మ పాటలు చేతికందే దూరంలో ఉన్నాయి. "ఏమేమి పువ్వొప్పునే గౌరమ్మ, ఏమేమి కాయొప్పునే గౌరమ్మ" అని ప్రశ్న, "తంగేడు పువ్వొప్పునే గౌరమ్మ, తంగేడు కాయొప్పునే గౌరమ్మ" అని జవాబు. ఇందులో నాకు నచ్చేది పువ్వుతో ఆగకుండా కాయనీ అడగడం. తంగేడు పువ్వు సిటీ పిల్లలకి కూడా తెలుసు, అది రాష్ట్ర పుష్పం కదా, బతుకమ్మ ముందు మార్కెట్లో కట్టలు కడతారు. దాని కాయ చూశావా అంటే తెల్లమొహం వేస్తారు. చిక్కుడు జాతి చెట్టు అది, కాయ పల్చగా, గింజలు ఉన్నచోట ఉబ్బుగా ఉంటుంది. పండగ అయిపోయాక కొన్ని వారాలకి ఆ చెట్టు దగ్గరికే తీసుకెళ్ళి పువ్వు ఏమైందో వెతకమనండి. పాట అడిగిన రెండో ప్రశ్నకి జవాబు అక్కడ ఉంటుంది.

పెద్ద కవుల దగ్గరికి వస్తే పిల్లలకి అందేది కొంచెమే, కానీ మీకు ఉపయోగపడుతుంది. పోతన భాగవతంలో చిన్నికృష్ణుడు మన్ను తిన్నాడని యశోద నోరు తెరవమంటే, ఆ నోట్లో కొండలు, అడవులు, సముద్రాలు, బ్రహ్మాండం మొత్తం కనిపిస్తుంది. అప్పుడు ఆమె మాటలు: "కలయో, వైష్ణవ మాయయో, యితర సంకల్పార్థమో, సత్యమో..." పద్యం నిండా 'ఓ'లే. కలా, మాయా, నిజమా, అసలు నేను యశోదనేనా అని తనని తనే అనుమానించుకుంటుంది. చివరికి "ఏమి హేతువొ మహాశ్చర్యంబు చింతింపగన్" అని ఆపేస్తుంది. హేతువు ఏమిటి అని అడిగింది, ఆశ్చర్యపోయింది. పద్యంలో జవాబు లేదు. పదిహేనో శతాబ్దపు మహాకవికి ప్రశ్నలతోనే పద్యం నిండగా లేనిది, రెండో తరగతి పిల్ల కవితకి జవాబో నీతో ఎందుకు ఉండాలి? టీచర్‌గారితో మాట్లాడాల్సి వస్తే ఈ పద్యం గుర్తు చేయండి. తెలుగు టీచరైతే కాదనలేరు.

గురజాడ సంగతి ఇంకా ముఖ్యం. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. తోకచుక్క కనిపిస్తే కీడని జనం వణికే రోజులవి. ఆ ఏడే ఆయన 'ముత్యాల సరములు' రాశాడు. అందులో తోకచుక్కని ఏమన్నాడంటే, ఇతడు భూమికి దూరపు బంధువు, దారిన పోతూ ఒకసారి చూసిపోదామని వచ్చాడు అని. తోకచుక్క ఒక దారి వెంట తిరిగి తిరిగి వచ్చేదన్న కొత్త ఖగోళ జ్ఞానం ఆ మాట వెనకాల ఉంది. అయినా మాట మాత్రం మన వీధి అరుగు మీదిది. చుట్టం అనగానే భయం పోయింది. సైన్స్ చెప్పాలా, కథ చెప్పాలా అన్న మీ ప్రశ్నకి వందేళ్ళ కిందటే గురజాడ ఇలా రెండూ కలిపి చూపించాడు. ఆ కవిత మొత్తం పాపకి అక్కర్లేదు, అందులో కులాల గొడవ, సంఘ సంస్కరణ చాలా ఉన్నాయి, ఆ తోకచుక్కనే సంస్కరణ జెండాగా తలుస్తాడు ఆయన. దూరపు చుట్టం ముక్క చాలు. ఆ చుట్టం 1986లో మళ్ళీ వచ్చి వెళ్ళాడు, ఇంక 2061లో వస్తాడు అని కూడా చెప్పండి. అప్పటికి తన వయసెంతో పాప వెంటనే లెక్క కట్టుకుంటుంది. మీ వయసు కూడా లెక్క కడుతుంది, దానికి మీరు సిద్ధంగా ఉండాలి.

శ్రీశ్రీ 'శైశవగీతి' చాలామంది సూచిస్తారు. మెరుపు, వాన, హరివిల్లు అన్నీ తమ కోసమే అనుకునే పాపల మీద రాసిన గొప్ప గేయం, పిల్లలకి కంఠతా పట్టించడానికీ బాగుంటుంది. కానీ అది పోగొట్టుకున్న బాల్యాన్ని తలుచుకునే పెద్దవాడి గొంతు. పిల్లలు దాన్ని పాడతారు, అందులో తమని తాము చూసుకోరు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఈ వయసుకి వద్దు. పువ్వుకి నొప్పి పుడుతుందా అని పిల్ల అడిగితే అది తెలుసుకోవాలన్న ప్రశ్న. పద్యం దాన్ని కన్నీళ్ళ దాకా తీసుకెళ్తుంది, ఆపైన పిల్ల పువ్వు ముట్టుకోవడానికే భయపడుతుంది. హైస్కూల్లో చదువుకుంటుంది లెండి.

ఇంగ్లీషు రైమ్స్ గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. 'ట్వింకిల్ ట్వింకిల్' ప్రతి ఎల్‌కేజీ పిల్లా వేళ్ళు మూస్తూ తెరుస్తూ పాడుతుంది. 1806లో జేన్ టేలర్ అనే ఆవిడ నక్షత్రం మీద రాసిన కవిత అది, నువ్వేమిటో నాకు ఆశ్చర్యంగా ఉంది అన్నదే అందులో అసలు మాట. ఆ మాట దగ్గర చేతులు తిప్పడం నేర్పుతాం, ఆశ్చర్యపడటం మాత్రం మర్చిపోతాం. క్రిస్టీనా రొసెట్టి 1872లో వేసిన పిల్లల పాటల్లో గాలి మీద ఒకటుంది, అది మాత్రం తెలుగులో చెప్పి వినిపించండి. గాలిని ఎవరు చూశారు? నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు, కానీ ఆకులు వణుకుతుంటే గాలి వెళ్తోందని తెలుస్తుంది. ఈ పద్ధతి పాపకి ఇట్టే అందుతుంది. కనపడనిదాన్ని కనపడేదాంతో పట్టుకోవడం. తర్వాత "వాసనని ఎవరు చూశారు, ఉక్కపోతని ఎవరు చూశారు" అని మొదలుపెడుతుంది, చూడండి.

ఇంట్లో రోజూ వచ్చే ప్రశ్నలకి ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రశ్నని పాప అన్న మాటల్లోనే రాయండి, బాగుచేయకండి. "మట్టికి వాన పడితేనే ఎందుకు వాసనొస్తుంది" అంటే అలాగే. దానికి జవాబు తెలుసు. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు తయారుచేసే ఒక పదార్థం, వాన చినుకు తాకినప్పుడు గాల్లోకి లేస్తుంది. కానీ పాప అడిగిన గంటలోపే అది చెప్పేయాలని టెన్షన్ పడకండి. మొదట ఏ మట్టికి ఎక్కువ వాసన వస్తుందో చూడమనండి. కుండీలో మట్టి, గ్రౌండ్‌లో మట్టి, రోడ్డు పక్క దుమ్ము, పొడిగా ఉన్నప్పుడు తలా కాసిని నీళ్ళు చల్లితే చాలు. తెలియని ప్రశ్నకి తెలియదు, వెతుకుదాం అనండి. తోచిన కట్టుకథ చెప్పి అది నిజమని మాత్రం నమ్మించకండి. దేవుడు ఏడిస్తే వాన అని చెబితే అది కవిత అవదు. ఆ కల్పన మీది, పాపది కాదు. పాపే "మబ్బు ఏడుస్తోందా?" అంటే అది వేరే సంగతి. అప్పుడు ఎందుకలా అనిపించింది అని అడగండి.

జూన్ 22 దగ్గర్లో ఆరుద్ర కార్తె వస్తుంది. అప్పటికి మంచి వాన పడితే ఊరి పక్క ఎర్ర నేలల్లో, చెల్కల్లో ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. ఎర్ర మఖమలు గుడ్డ ముక్కకి కాళ్ళొచ్చినట్టుంటాయి. ఈ కాలం పిల్లలు చాలామంది చూడలేదు. పాపని తీసుకెళ్ళి ముందు కాళ్ళు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి, ఆరు కాదు. అంటే సాలీడుకి చుట్టం, చీమకి కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టిలోనే ఉండి, తొలివానలకి పైకి వచ్చి, అప్పుడే రెక్కలొచ్చి లేచే ఉసుళ్ళలాంటివాటిని తింటాయి. అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెస్తాననే అంటుంది, మా తరం అంతా అదే చేశాం. కాసేపు అరచేతిలో పెట్టుకుని వదిలేయమనండి. "నిన్నటిదాకా ఎక్కడున్నావు?" అన్న ప్రశ్న దాన్ని చూసిన ప్రతి పిల్లా అడుగుతుంది. కవితకి మొదటి లైను అదే.

స్కూలు విషయం. టీచర్‌తో గొడవ పెట్టుకోకండి. క్లాసులో నలభై మంది ఉంటారు, ప్రాస, నీతి, బొమ్మ అని మార్కుల పట్టిక పైనుంచి వస్తుంది, ఆవిడ చేతుల్లో ఉండేది తక్కువ. మార్కుల కోసం కావాలంటే పాపతో ఒక పొడుపుకథ కట్టించి ఇవ్వండి, అందులో చివరి చప్పుళ్ళు కలిస్తే ఇంకా మంచిదే. చంద్రుడి కవిత మాత్రం దిద్దకుండా, అక్షరదోషాలతో సహా, తేదీ వేసి నోట్‌బుక్‌లో అంటించండి. టీచర్ వద్దన్నారు కాబట్టి అది చెడ్డదనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు, టీచర్‌కి ఏమీ తెలియదనే మాట కూడా పాప ముందు వద్దు. బడికి ఒకటి, మనకి ఒకటి అంటే ఏడేళ్ళ పిల్లకి చక్కగా అర్థమవుతుంది.

పాప ఇంకో నాలుగు ముక్కలు రాసిందన్నారు, అవి మీరు పెట్టలేదు. పేరు, స్కూలు వివరాలు లేకుండా వాటిని కూడా కింద పెట్టండి. కారు ప్రశ్న తర్వాత ఆ అమ్మాయి ఎటు వెళ్ళిందో చూస్తే, తర్వాత ఏం చదివించాలో ఇంకాస్త సరిగ్గా చెప్పగలను.